మతాలన్నీ సమానమేనా? – కడప సభలో ఒక క్రైస్తవుని ప్రసంగ పాఠం

సభకు విచ్చేసిన పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారాలు. "మతాలన్నీ సమానంగా అంగీకారయోగ్యమేనా?" అన్న అంశం మీద క్రైస్తవ దృష్టితో మాట్లాడమని నన్ను కోరారు. ఎదురుగా చూస్తే నాతో కలిసి ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన హిందూ మిత్రులు కనిపిస్తున్నారు, మా వీధి మసీదు పెద్దలు కనిపిస్తున్నారు, మా సంఘ విశ్వాసులూ ఉన్నారు. ఆదివారం చర్చిలో ఒక మాట, ఇలాంటి సభలో ఇంకొక మాట చెప్పే అలవాటు మాలో కొందరికి ఉంది. ఆ పని నేను చేయను. నేను చెప్పబోయేది మీలో కొందరికి కష్టం కలిగించవచ్చు. ఆ కష్టం నా గొంతులోని అహంకారం వల్ల మాత్రం కలగకూడదని ప్రార్థన చేసుకొని వచ్చాను.

మూడేళ్ళ కిందట మా అమ్మ పోయింది. ఆమె సమాధి మీదికి ఒక నాపరాయి కావాలని ఎర్రగుంట్ల వైపు బండలకు పాలిష్ పట్టే చోటికి వెళ్ళాను. అక్కడ అక్షరాలు చెక్కే ఆయన నాకు చిన్ననాటి స్నేహితుడు, ముస్లిం, మా ఇంటి పక్క ఇంట్లోనే పెరిగినవాడు. అమ్మ తన బైబిలులో ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్న వాక్యాన్ని చీటీ మీద రాసి ఇచ్చాను. అది యోహాను సువార్త 14వ అధ్యాయం, 6వ వచనం: "నేనే మార్గమును, సత్యమును, జీవమును; నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు." ఆయన నల్లటి రాయి మీద నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, సుద్దతో గీతలు కొట్టి, అక్షరాలను పొందికగా రాసుకొని, సన్న ఉలితో పని మొదలుపెట్టాడు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి దెబ్బ కాస్త గట్టిగా పడితే పెచ్చు లేస్తుంది. అందుకని ఒక్కొక్క ఒత్తు దగ్గర ఊపిరి బిగబట్టి కొడుతున్నాడు. "తండ్రియొద్దకు" అన్న మాట పూర్తయ్యాక ఉలి పక్కన పెట్టి, దుమ్ము ఊది, నావైపు చూశాడు.

"ఏం అయ్యవారా, మీ అమ్మ చేతి సంగటి తిని పెరిగినోణ్ని నేను. ఆమె పోయిన చోటికి నేను రాలేనని ఆమె రాయి మీద నా చేత్తోనే చెక్కుతాండానా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. చివరి మాట, "రాడు" అన్న రెండక్షరాలు, అట్లే మిగిలిపోయాయి. "నువ్వు జవాబు చెప్పినంక చెక్కుతాలే" అని ఆయన టీ తాగడానికి లేచాడు. నేను ఈరోజు మాట్లాడబోయేదంతా ఆయనకు బాకీపడిన జవాబే.

కడపలో పుట్టి పెరిగినవాళ్ళకు మతాల మధ్య సామరస్యం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఉగాది నాడు తెల్లవారకముందే దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు బురఖా వేసుకున్న ఆడపడుచులు కొబ్బరికాయ, పూలు చేతబట్టుకొని వరుసలో నిలబడి ఉంటారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, కనుక స్వామి తమకు అల్లుడు వరస అంటారు. పెద్ద దర్గా ఉరుసుకు వచ్చేవాళ్ళలో హిందువులు ఎంతమందో లెక్క చెప్పడం కష్టం. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం వచ్చిందంటే కుళ్ళాయిస్వామిని మొక్కే జనంలో ఎవరిది ఏ మతమో విడదీయలేము. ఇవన్నీ చూసి, "ఇంకేముంది, అన్ని మతాలూ ఒకటేనని మన ఊరే రుజువు చేస్తోంది కదా" అని మంచి మనసుతో అనేవాళ్ళున్నారు. నేను ఆ మంచి మనసును గౌరవిస్తాను. అయితే మన ఊరు రుజువు చేస్తున్నది మనుషులు ఒకరికొకరు కావలసినవాళ్ళు అని. అల్లుడు, ఆడబిడ్డ, మామ, వదిన అని వరస కలుపుకోవడం మన సీమ పద్ధతి. వరస కలుపుకున్న ఇద్దరు దేవుని గురించి ఒకే మాట నమ్ముతున్నారని దాని అర్థం కాదు, నమ్మవలసిన అవసరమూ అక్కడ రాలేదు.

ఒక ప్రశ్నను ఇక్కడే పక్కకు పెడతాను, ఎందుకంటే దానిమీద నాకు సందేహం లేదు. చట్టం ముందు మతాలన్నీ సమానంగా ఉండాలా అంటే, ఉండాలి. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ మనస్సాక్షి స్వేచ్ఛను, తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇచ్చింది. ఆ ప్రచార హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవులలో చాలామంది ఆ తీర్పుకు నొచ్చుకున్నారు. నా మటుకు నాకు, ఎవరి హృదయాన్నయినా మార్చే హక్కు నాకున్నదని ఎన్నడూ అనిపించలేదు. అది దేవుని పని, వినేవాడి నిర్ణయం. నాకు కావలసినదల్లా చెప్పే స్వేచ్ఛ, విని తోసిపుచ్చే స్వేచ్ఛ మీకు. ఈ రెండూ రాజ్యాంగంలో ఉన్నాయి.

అసలు చిక్కు "సత్యం" దగ్గర వస్తుంది. అక్కడికి పోయేముందు "మతం" అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం, తెలుగు అయ్యవారిగా నాకు ఈ మాట మీద మమకారం ఎక్కువ. సంస్కృతంలో మతమంటే తలచినది, అభిప్రాయం. మన పాత పండితులు శంకర మతం, మధ్వ మతం అన్నప్పుడు కులాన్నో జన సమూహాన్నో ఉద్దేశించలేదు. శంకరుడు ఏమనుకున్నాడు, మధ్వుడు ఏమనుకున్నాడు అన్నదే వారి ఉద్దేశం. వ్యాకరణంలో సైతం "ఫలానావారి మతం ఇది" అని రాసి, వెంటనే దాన్ని ఖండించేవారు. సమ్మతి, అసమ్మతి, అభిమతం అన్నీ ఆ మాటకు తోబుట్టువులే. అంటే మతానికి మొదటి నుంచీ ఒప్పుకోవడమో ఒప్పుకోకపోవడమో అన్న గుణం ఉంది. తర్వాత ఎప్పుడో ఈ మాట జనాభా లెక్కల్లో ఒక గడి అయింది, పుట్టుకతో అంటుకునే గుర్తు అయింది. గుర్తుగా మారిన తర్వాత మతాన్ని కాదంటే మనిషిని కాదన్నట్టు, ఆ మనిషి అమ్మనూ నాయననూ కాదన్నట్టు వినిపిస్తోంది. మనం ఈ అంశం మీద నోరు విప్పడానికి భయపడటానికి ఇదే కారణమని నేను అనుకుంటాను.

ఆ పాత అర్థంలో చూస్తే, మతాలన్నీ సమానంగా అంగీకారయోగ్యమా అని అడగడమంటే అభిప్రాయాలన్నీ సమానంగా ఒప్పుకోదగినవా అని అడగడమే. అన్నీ సమానమేనని మన దేశం ఎన్నడూ ఒప్పుకోలేదు. శంకరుడు జీవుడూ బ్రహ్మమూ ఒకటే అన్నాడు, మధ్వుడు ఆ రెంటి మధ్య భేదం ఎన్నటికీ పోదన్నాడు. ఇద్దరి వెనకా ఉన్న పండితులు వందల ఏళ్ళు వాదించుకున్నారు. పక్కనున్న కర్నూలు జిల్లా మంత్రాలయం తీసుకోండి. 1671లో అక్కడ బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి మధ్వుని ద్వైత గ్రంథాలకు వ్యాఖ్యలు రాసినవారు, శంకరుని అద్వైతాన్ని వాదంలో ఎదిరించిన సంప్రదాయానికి పీఠాధిపతి. ఆయనకు ఆ మంచాల గ్రామాన్ని ఇచ్చినది ఆదోనిని ఏలిన ముస్లిం పాలకుడు మసూద్ ఖాన్ అని మఠ సంప్రదాయం చెబుతుంది. ఇచ్చినవాడు స్వామి సిద్ధాంతాన్ని నమ్మలేదు, పుచ్చుకున్నవారు దాత నమ్మకాన్ని స్వీకరించలేదు. అయినా గ్రామం చేతులు మారింది, గౌరవం తగ్గలేదు. మన జిల్లాలోనే, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్యను శిష్యుడిగా తీసుకున్నారని బ్రహ్మంగారి మఠం ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. సిద్దయ్య ఇంటివాళ్ళను నొప్పించి గురువును వెతుక్కుంటూ ఎందుకు వెళ్ళినట్టు? రెండు దారులూ ఒకటేనని ఆయన అనుకొని ఉంటే ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఆయన ఎంపికతో నేను ఏకీభవించకపోవచ్చు, కానీ అది ఎంపిక అని ఒప్పుకోవడం ఆయనకు ఇవ్వవలసిన మర్యాద.

ఇక "అన్ని నదులూ సముద్రంలోనే కలుస్తాయి" అన్న ఉపమానం. 1893 సెప్టెంబరు 11న చికాగో సభలో స్వామి వివేకానంద శివమహిమ్న స్తోత్రం నుంచి ఈ పోలికనే ఉదాహరించారు; అప్పటి నుంచి దాన్ని వినని భారతీయుడు లేడు. అందులో అందం ఉంది, ఔదార్యం ఉంది. అయితే సీమలో నీళ్ళ కోసం ఎదురుచూసినవాళ్ళం మనం. పాపఘ్ని, కుందూ, చెయ్యేరు పెన్నలో కలిసి, పెన్న నెల్లూరు దాటి సముద్రానికి పోతుంది, నిజమే. మరి మన వంకల మాటేమిటి? ఎన్ని వంకలు చెరువులో ఆగిపోతాయి, ఎన్ని ఇసుకలో ఇంకిపోతాయి, చిత్తడిగా మొదలై రెండు ఊళ్ళు దాటకముందే ఎన్ని ఎండిపోతాయి! పారే నీరంతా సముద్రం చేరుతుందని మన రైతు ఎవడూ అనడు. ఏ నీరు ఎక్కడికి పోతుందో నడిచి చూసి చెబుతాడు. ఎవరి మతం ఏ వంక అని తేల్చడానికి ఈ మాట చెప్పడం లేదు. ఉపమానం ఎంత అందమైనదైనా దారిని నడిచి చూడవలసిన పనిని అది తప్పించదు.

నడిచి చూస్తే మతాలు ఒకే మాట చెప్పడం లేదని తెలుస్తుంది. యేసు సిలువ మీద మరణించాడని నాలుగు సువార్తలూ చెబుతాయి, మా విశ్వాసమంతా దానిమీదే నిలబడింది. ఆయనను వారు చంపలేదు, సిలువ వేయలేదు, వారికి అలా అనిపించేలా చేయబడింది అని ఖురాన్ నిసా సూరా 157వ ఆయతు చెబుతుంది. ఇది ధ్యానానికీ అనుభూతికీ సంబంధించిన తేడా కాదు. ఒకనాడు, ఒక ఊరి బయట, ఒక మనిషి చనిపోయాడా లేదా అన్న తేడా. రెండూ నిజం కాలేవు. "రెండూ ఒకటేలే" అని నేనంటే నా మిత్రుడి ఖురాన్‌నూ మా అమ్మ బైబిలునూ రెంటినీ నేను చదవలేదని అర్థం. అలాగే నిత్యమైన ఆత్మ ఉన్నదని ఉపనిషత్తులు అంటే, అలాంటి ఆత్మ లేదని బుద్ధుడు బోధించాడు. జైనులు సృష్టికర్తను ఒప్పుకోరు, అయినా అహింసలో వారిని మించినవారు లేరు.

కొందరు పెద్దలు గీతలోని మాటను ముందు పెడతారు: ఏ దేవతను శ్రద్ధతో పూజించినా నన్నే పూజిస్తున్నారు అని 9వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు అంటాడు. ఆ శ్లోకం చివర "అవిధిపూర్వకమ్" అన్న మాట ఉంది. అంటే విధి తప్పిన పూజ అని. ఇతరుల పూజను చేర్చుకుంటూనే గీత తన కేంద్రాన్ని వదులుకోలేదు. నేను దీన్ని తప్పుపట్టడం లేదు. ఏదో ఒక చోట నిలబడకుండా ఎవరూ ఇతరులను చూడలేరు. "అన్నీ సమానమే" అనేవారు కూడా ఒక చోట నిలబడే అంటున్నారు, "నా మతమే పూర్తి సత్యం" అనే ముస్లిమునూ క్రైస్తవుణ్నీ వారు తప్పనే అంటున్నారు. ఆ మాట పైకి చెప్పరు, అంతే తేడా.

మా మొదటి విశ్వాసులు ఎదుర్కొన్నది ఇలాంటి లోకాన్నే. రోమా సామ్రాజ్యంలో దేవుళ్ళకు కొదవ లేదు, యేసు కూడా వాళ్ళలో ఒకడిగా వచ్చి చేరితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. సుమారు క్రీ.శ. 112లో ప్లినీ అనే అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖ మిగిలి ఉంది. చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి, ద్రాక్షారసం సమర్పించి క్రీస్తును శపించినవారిని వదిలిపెట్టాననీ, అడిగినప్పుడల్లా క్రైస్తవులమేనని పట్టుబట్టినవారిని శిక్షకు పంపాననీ అందులో ఉంది. చిటికెడు సాంబ్రాణితో పోయేదానికి ప్రాణాలు ఎందుకు ఇచ్చినట్టు? తాము చూసిన సత్యాన్ని ఎన్నింటిలోనో ఒకటిగా ఒప్పుకోవడం వారివల్ల కాలేదు. ఆనాడు వారి చేతిలో అధికారం లేదు, కత్తి లేదు. తర్వాతి శతాబ్దాల్లో కత్తి చేతికి వచ్చాక క్రైస్తవులు చేసినదాన్ని నేను సమర్థించను. అది మా ప్రభువును సిలువ వేసినవారి పక్షాన చేరడమే.

మరి క్రైస్తవం చెప్పేదేమిటి? పొంతి పిలాతు అనే అధికారి కాలంలో యేసు సిలువ మీద మన పాపాలకోసం చనిపోయాడు, మూడవ దినాన లేచాడు. ఇది జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. జరగకపోతే మీ విశ్వాసం వ్యర్థమే అని మా తొలి బోధకుల్లో ఒకడైన పౌలు కొరింథు సంఘానికి స్వయంగా రాశాడు. తన మతం ఎక్కడ కూలిపోగలదో వేలు పెట్టి చూపించిన బోధకుడిని నేను ఇంకెక్కడా చూడలేదు. "మీకు శాంతి కలిగితే చాలు, ఏదైనా ఒకటే" అనే వీలు ఆయన మాకు ఇవ్వలేదు.

రెండో మాట ఇంకా లోతైనది. మనిషి మెట్టు మెట్టుగా దేవుని దగ్గరికి ఎక్కడం గురించి సువార్త మాట్లాడదు. దేవుడే దిగివచ్చి పడిపోయినవాణ్ని ఎత్తుకోవడం గురించి మాట్లాడుతుంది. దీన్ని మేము కృప అంటాం. ఎత్తుకోబడినవాడు ఎక్కినవాడిలా గర్వపడితే వాడికి కృప అన్న మాట అర్థం కాలేదన్నమాట. "అందరికంటే మేమే గొప్ప" అని క్రైస్తవుడు అన్న క్షణం, యేసు చెప్పిన కథలో దేవాలయంలో నిలబడి తన పుణ్యాలు లెక్కపెట్టుకున్న పరిసయ్యుడి, అంటే నిష్ఠాపరుడైన యూదుడి, పక్కకు వెళ్ళి నిలబడుతున్నాడు. ఆ కథలో నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళినవాడు రొమ్ము కొట్టుకున్న సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు. యేసు ఒక్కడే మార్గమని నేను నమ్ముతున్నాను కాబట్టే నేను మీకంటే మంచివాణ్నని చెప్పుకునే హక్కు నాకు లేదు. నా పక్కింటి ముస్లిం నాకంటే నిజాయితీపరుడు కావచ్చు. నాతో పనిచేసిన హిందూ మాస్టారు నాకంటే ఓర్పుగలవాడు, ఇందులో సందేహమే లేదు.

ఇక్కడ మా ఇంటి తప్పులు కూడా చెప్పాలి. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది; జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో అన్ని మతాలవాళ్ళకూ వైద్యం అందింది. అది చెప్పుకోవడం మాకు ఇష్టం. కానీ రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుచుకునే మేము, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతున్నాం. సమాధుల తోటలో కూడా ఈ వైపు వాళ్ళవి, ఆ వైపు వీళ్ళవి అని చెప్పుకునే ఊరును నేను కళ్ళారా చూశాను. ఇలాంటి మేము బయటివాళ్ళకు మార్గం చూపిస్తామంటే వినేవాళ్ళు నవ్వరా? సువార్త సత్యం మా ప్రవర్తన మీద ఆధారపడదు, నిజమే. దాన్ని వినగలిగే చెవి మాత్రం మా ప్రవర్తనను బట్టే తెరుచుకుంటుంది.

"మీ తాతలు గంజి కోసం మతం మారారు" అని మమ్మల్ని అనేవారూ ఉన్నారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు సీమను, నెల్లూరును, ఒంగోలును తుడిచిపెట్టింది. ఒంగోలులో క్లౌ అనే బాప్తిస్టు మిషనరీ కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివుంచి, ఆ తర్వాత ఇచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి ఆగిన తర్వాత వచ్చినవాళ్ళు వాళ్ళు. ఊరి బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వని మనుషులు, తమ పేరు పెట్టి పిలిచే దేవుడు ఉన్నాడని విన్నప్పుడు వచ్చారంటే దాన్ని గంజితో కొలవడం న్యాయం కాదు. మతాలన్నీ సమానమే అయితే మారవలసిన పనేముంది అని వాళ్ళను అడిగి ఉంటే, సమానమన్న మాటను మేము మొదటిసారి వింటున్నామని వాళ్ళు చెప్పి ఉండేవారు.

మరి ఇతర మతస్థులతో ఎలా మాట్లాడాలి? మైకు పెట్టి ఇతరుల దేవతలను తిట్టే బోధకులు మాలో ఉన్నారు. వారికి నేను అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చూపిస్తాను. పౌలు ఎఫెసులో రెండేళ్ళకు పైగా బోధించాడు, ఊరంతా కదిలింది, అర్తెమి దేవి గుడి చుట్టూ బతికే కంసాలులు అల్లరి చేశారు. అప్పుడు ఆ ఊరి కరణం లేచి, వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారు కారు అని సాక్ష్యం చెప్పాడు. ఆ మాట చెప్పింది క్రైస్తవుడు కాదని గమనించండి. మన గురించి మన ఊరి గుడి ధర్మకర్త, మసీదు ముతవల్లీ అదే సాక్ష్యం చెప్పగలరా? యేసు శిష్యుడు పేతురు కూడా, మీ నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమన్నాడు. అడిగినవారికి అన్నాడు. అడగనివారి గుమ్మం ముందు అరవమని ఆయన అనలేదు.

ఈనాటి అంశంలో ఉన్న "అంగీకారం" అన్న మాట పేతురు నోటనే ఉంది. కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఉన్నాడు. భక్తిపరుడు, దానధర్మాలు చేసేవాడు, యూదుడు కాడు. అతని ఇంట్లో నిలబడి పేతురు, దేవుడు పక్షపాతి కాడని, ప్రతి జనములోనూ తనకు భయపడి నీతిగా నడుచుకొనేవానిని ఆయన అంగీకరించునని అన్నాడు. మతాలన్నీ సమానమనే క్రైస్తవులు ఈ వచనాన్ని చూపించి అక్కడే పుస్తకం మూసేస్తారు. ముందు వెనకలు చదవాలి. కొర్నేలీ భక్తి అంతటితో సరిపోతే, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న యొప్పేకు మనుషుల్ని పంపి పేతురును పిలిపించుకోమని దేవదూత ఎందుకు చెప్పాడు? పేతురు ఆ మాట అన్నాక కూర్చోకుండా యేసు సిలువ, పునరుత్థానం గురించి ఎందుకు బోధించాడు? ఇంకో పక్క, కొర్నేలీ ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరాయని అదే అధ్యాయం చెబుతోంది. వాటిని పనికిరానివని ఎవరూ అనలేదు. ఆయన వెతుకులాటను దేవుడు ఆదరించాడు, ఆ వెతుకులాటకు గమ్యాన్ని చూపించాడు. పైగా ఆ రోజు ఎక్కువ మారినది పేతురే. అన్యుల ఇంట అడుగుపెట్టని మనిషి వారి గడప దాటాడు.

సువార్త విననివారి సంగతి ఏమిటన్నదానిమీద క్రైస్తవుల్లో ఏకాభిప్రాయం లేదు, ఉన్నట్టు నేను నటించను. 1965 అక్టోబరు 28న కతోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ ప్రకటించిన పత్రం, ఇతర మతాలలో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేనినీ కతోలిక సంఘం తిరస్కరించదని చెప్పింది. వెంటనే అదే పత్రం, క్రీస్తే మార్గము, సత్యము, జీవము అని ప్రకటించవలసిన బాధ్యతను కూడా చెప్పింది. మా అమ్మ రాయి మీది వాక్యమే అది. నేను ప్రొటెస్టెంటును, అన్ని విషయాల్లోనూ వారితో ఏకీభవించను, కానీ ఈ రెండు మాటలను కలిపి పట్టుకోవడం సరైనదని నమ్ముతాను. తీర్పు సంగతికి వస్తే, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగిన ప్రశ్న దగ్గరే నేను ఆగుతాను. తూర్పు నుంచి, పడమర నుంచి అనేకులు వచ్చి దేవుని రాజ్యంలో కూర్చుంటారనీ, లోపలివాళ్ళమని అనుకున్నవాళ్ళు కొందరు బయట ఉంటారనీ యేసు హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మాలాంటి, చర్చి రిజిస్టరులో పేరున్నవాళ్ళకు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఎర్రగుంట్లకు వెళ్ళాను. రాయి అలాగే గోడకు ఆనించి ఉంది. నా మిత్రుడికి ఇలా చెప్పాను: "ఈ మాట యేసు నిన్ను గేటు బయట నిలబెట్టడానికి చెప్పింది కాదు. తాను చనిపోబోయే ముందు రాత్రి, దారి తెలియడం లేదని తోమా అనే శిష్యుడు అడిగితే వాణ్ని ఓదార్చడానికి చెప్పాడు. క్రైస్తవ మతమే మార్గమని ఆయన అనలేదు, నేనే మార్గమన్నాడు. నేను క్రైస్తవుల ఇంట్లో పుట్టినంత మాత్రాన తండ్రి దగ్గరికి పోను, మా అమ్మ కూడా అట్లా పోలేదు. ఎవరు పోయినా ఆయన చేసినదానివల్లే పోతారని నేను నమ్ముతాను. నువ్వు కూడా ఆయన వెంట రావాలని నాకు ఆశ. అది నీ దగ్గర దాచిపెడితే నేను స్నేహితుణ్ని కాను. నీకు తలుపు తీస్తాడా లేదా అన్నది నా చేతిలో లేదు, ఉండకూడదు కూడా. మా అమ్మ మాత్రం ప్రతి రాత్రీ మా పేర్లతోపాటు నీ పేరు కూడా చెప్పి ప్రార్థన చేసేది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఈసా అలైహిస్సలాంను సిలువ ఎయ్యలేదయ్యవారా. అల్లా పైకి ఎత్తుకున్నాడు. నువ్వు గూడా ఆలోచన చెయ్యి. నీ మీద నాకుండే ఆశ గూడా అదే" అన్నాడు. పొద్దు గూకేదాకా ఆ బండల మీద కూర్చొని వాదించుకున్నాం. ఆయన ఒక్క మెట్టు దిగలేదు, నేనూ దిగలేదు. చీకటి పడుతుంటే బల్బు వేసి, రాయి మీద నీళ్ళు చల్లి, మిగిలిన రెండక్షరాలూ చెక్కాడు. "డు" కొమ్ము దగ్గర చిన్న పెచ్చు లేచింది. దాన్ని బొటనవేలితో తడిమి చూసి, "అమ్మ ఏమీ అనుకోదులే" అన్నాడు. కూలి తీసుకోలేదు.

ఆయన ఇప్పుడు ఈ సభలోనే, వెనక వరుసలో కూర్చొని ఉన్నాడు. అధ్యక్షులవారు ప్రశ్నలకు సమయం ఇస్తామన్నారు. మొదటి ప్రశ్న తనదేనని నాకు దారిలోనే చెప్పి వచ్చాడు.